జెడ్4 ఎం40ఐ, 718 బాక్స్‌స్టర్: కాగితం మీద 0.2 సెకన్లు, రోడ్డు మీద ఎంత?

కడప సోదరుడు ఒకాయన అడిగిన ప్రశ్న సారాంశం ఇది. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నెలకు రెండుసార్లు మదనపల్లె, రాయచోటి మీదుగా ఊరికి వచ్చే ఆయన సెకండ్ హ్యాండ్‌లో రెండు కార్లు చూసి పెట్టుకున్నారు. ఒకటి బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ. రెండోది పోర్షే 718 బాక్స్‌స్టర్, అందులోనూ 2.0 లీటర్ల టర్బో (పొగ బలంతో తిరిగి గాలిని ఇంజన్‌లోకి నొక్కే పరికరం) ఉన్న ఇంజను, పీడీకే గేర్‌బాక్సు (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ (బండిని ఇంకా చురుగ్గా నడిపించే అదనపు ఏర్పాటు) ఉన్న బండి. మొదటిదానికి 340 హార్స్‌పవర్, రెండోదానికి 300. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి మొదటిది 4.5 సెకన్లలో, రెండోది 4.7 సెకన్లలో చేరుతుందని కంపెనీలు చెబుతున్నాయి. 40 హార్స్‌పవర్ తేడా ఉంటే సెకన్లలో తేడా ఇంత కొంచెమే ఎందుకుంది, తాను చూసిన ఒక వీడియోలో బాక్స్‌స్టరే ముందు ఎందుకు పోయింది, జెడ్4 నాలుగు సెకన్ల లోపే అందుకుంటుందని ఇంకెక్కడో చదివినది నిజమేనా, చివరికి ఈ రెండింటిలో ఏది వేగమైనది అన్నవి ఆయన సందేహాలు.

నేను ఇరవై ఆరేళ్లు ఇంజన్ టెస్ట్ బెడ్ల (ఇంజన్‌ను కారు బయట నడిపి కొలిచే ఏర్పాట్ల) దగ్గర పనిచేసి, ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. ఈ రెండు కార్లనూ మన రోడ్ల మీదా, ఒకసారి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీదా నడిపే అవకాశం నాకు కలిగింది. ముందు జవాబు చెప్పి, తర్వాత లెక్క చెబుతాను. నిలబడ్డ చోటి నుంచి వంద వరకు ఈ రెండూ సమానమేనని అనుకోండి, ఆ 0.2 సెకన్లు డ్రైవరు కాలిలోనో, టైర్లలోనో, ఆ రోజు ఎండలోనో కలిసిపోయేవి. మామూలు డ్రైవ్ మోడ్‌లో అరవైలో నింపాదిగా పోతూ ఉన్నట్టుండి తొక్కితే జెడ్4 ముందుంటుంది. మలుపు వెంట మలుపు వచ్చే చోట, పదేపదే బ్రేకు వేసి మళ్లీ వేగం అందుకోవలసిన చోట బాక్స్‌స్టర్ ముందుంటుంది. కాబట్టి ఎక్కడి నుంచి ఎక్కడికి అని తిరిగి అడగకుండా, ఏది వేగమైనదన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు.

హార్స్‌పవర్‌ను ఎప్పుడూ బరువు పక్కన పెట్టి చూడాలి. జెడ్4 ఎం40ఐ బరువు డిన్ (జర్మన్ ప్రమాణం) లెక్క ప్రకారం 1,535 కేజీలు. పీడీకే ఉన్న 718 బాక్స్‌స్టర్ బరువు అదే లెక్కలో 1,365 కేజీలు. తేడా 170 కేజీలు. అంటే 25 కేజీల బియ్యం సంచులు దాదాపు ఏడింటిని జెడ్4 రోజూ వెంటేసుకుని తిరుగుతున్నట్టు లెక్క. ఇప్పుడు భాగహారం చేయండి. జెడ్4కు టన్నుకు 221 హార్స్‌పవర్‌కు కాస్త పైన వస్తుంది, బాక్స్‌స్టర్‌కు 220కి రవ్వంత తక్కువ వస్తుంది. మీరు ఆధిక్యం అనుకున్న 40 హార్స్‌పవర్ మొత్తం ఆ ఏడు సంచులు మోయడానికే సరిపోయింది. 0.2 సెకన్లే తేడా ఎందుకన్నదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. అయితే ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఇద్దరు మనుషులు ఎక్కి, వారాంతపు సామాను వేసుకుని మొత్తం 160 కేజీలు పెరిగిందనుకుంటే, జెడ్4కు టన్నుకు దాదాపు 201, బాక్స్‌స్టర్‌కు 197 మిగులుతాయి. తేలికైన కారు మీద ఎక్కించిన ప్రతి కేజీ బరువైన కారు మీద కన్నా ఎక్కువగా తెలుస్తుంది. ఖాళీ కారులో ఒక్కరే కూర్చుని చేసిన టెస్ట్ డ్రైవ్‌కూ, ఇంటావిడతో కలిసి ఊరికి వచ్చే ప్రయాణానికీ మధ్య పికప్‌లో ఆ మేరకు మార్పు ఉంటుంది.

బరువు గురించి ఒక జాగ్రత్త చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఈ తప్పు పత్రికల్లో కూడా చూశాను. డిన్ లెక్కలో డ్రైవరు ఉండడు. ట్యాంకులో 90 శాతం పెట్రోలు మాత్రం ఉంటుంది. ఈయూ (యూరోపియన్ యూనియన్) లెక్కలో దీనికి డ్రైవరు, కొద్దిపాటి సామాను కలిపి 75 కేజీలు చేరుస్తారు. ఆ లెక్కలో జెడ్4 1,610 కేజీలు, బాక్స్‌స్టర్ 1,440 కేజీలు. ఒక కారుకు ఈయూ బరువూ, ఇంకొకదానికి డిన్ బరువూ తీసుకుంటే తేడా 245 కేజీలుగా కనబడి, లేని కథ పుడుతుంది.

నాలుగు సెకన్ల లోపు అన్న మాట అమెరికా నుంచి వచ్చింది, అది అబద్ధం కాదు. అక్కడ అమ్మిన జెడ్4 ఎం40ఐకి 382 హార్స్‌పవర్ ఉంది. యూరప్‌లోనూ మన దేశంలోనూ అమ్మినదానికి 340. పైగా అమెరికా వారు కొలిచేది గంటకు సున్నా నుంచి 60 మైళ్లు, అంటే 96.6 కిలోమీటర్లు. ఆ ఆఖరి మూడున్నర కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఇలాంటి కారుకు ఇంచుమించు 0.2 సెకన్లు పడుతుంది. వీటన్నిటికీ మించి, డ్రాగ్ రేసుల అలవాటు కొద్దీ అక్కడి పత్రికలు చాలా వరకు కారు కదిలిన మొదటి అడుగు దూరాన్ని లెక్కలోకి తీసుకోవు; చక్రం ఒక అడుగు ముందుకు దొర్లాకే గడియారం మొదలవుతుంది. సెకనుకు సెకనుకు ఆరు మీటర్ల చొప్పున వేగం పెరిగే కారు ఆ అడుగు దాటడానికే దాదాపు 0.3 సెకన్లు తీసుకుంటుంది. ఈ మూడూ కలిపి చూస్తే అక్కడి అంకెకూ ఇక్కడి 4.5కూ మధ్య తగాదా ఏమీ లేదు. మీరు కొనబోయేది మాత్రం 340 హార్స్‌పవర్ బండి.

ఇక 0.2 సెకన్లు రోడ్డు మీద ఎంత దూరమో చూద్దాం. వేగం ఒకే తీరున పెరిగిందని లెక్క సులువు కోసం అనుకుంటే, జెడ్4 వంద అందుకునే క్షణానికి 62.5 మీటర్లు పోయి ఉంటుంది. అదే క్షణంలో బాక్స్‌స్టర్ దాదాపు 59.8 మీటర్ల దగ్గర ఉంటుంది. తేడా 2.7 మీటర్లు. జెడ్4 పొడవు 4.32 మీటర్లు కాబట్టి ఇది ముప్పాతిక కారు కూడా కాదు. పక్కపక్కన నిలిపి వదిలితే, జెడ్4 డ్రైవరు తన భుజం మీదుగా చూసినప్పుడు బాక్స్‌స్టర్ ముందు బంపరు ఇంకా తన తలుపు దగ్గరే కనబడుతుంది.

మీరు చూసిన వీడియో సంగతి కూడా ఈ 2.7 మీటర్లలోనే ఉంది. నిటారుగా చదునుగా కనబడే మన రోడ్లు నిజానికి చదునువి కావు. అనంతపురం నుంచి గుత్తి వైపు 44వ నెంబరు జాతీయ రహదారి మీద పోతూ ఇంజన్ న్యూట్రల్ చేసి చూసిన లారీ డ్రైవర్లకు ఎక్కడ బండి తనంతట తాను దొర్లుతుందో తెలుసు. మన కంటికి మాత్రం తెలియదు. బాక్స్‌స్టర్‌ను విడిగా కొలిచిన చోట నూరు మీటర్లకు రెండున్నర మీటర్లు పల్లం ఉంటే దానికి దాదాపు 0.2 సెకన్లు కలిసి వస్తాయి. అంతే ఎత్తు ఉంటే అన్ని సెకన్లు పోతాయి. పైగా ఫోనులోని జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒకసారి మాత్రమే వేగం చెబుతుంది. అలాంటి గడియారంతో 0.2 సెకన్ల తేడా తేల్చడం ఉప్పు బస్తాలు తూచే కాటాలో బంగారం తూచినట్టే. పని కోసం మేము వాడే పరికరాలు సెకనుకు పదిసార్లకు తక్కువ కాకుండా చదువుతాయి, ఒకే చోట రెండు దిక్కులా పరుగు తీసి సగటు కడతాం. ఆ వీడియోలో ఒకే దిక్కుకు ఒక్క పరుగు మాత్రమే ఉందని మీరే రాశారు. దాన్ని పక్కన పెట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిలబడ్డ చోటి నుంచి బయలుదేరేటప్పుడు ఇంజన్‌లో ఎంత బలం ఉందన్నది కాదు, టైరు ఎంత బలాన్ని రోడ్డుకు అప్పగించగలదన్నది ముఖ్యం. డ్రైవరుతో కలిపి 1,610 కేజీల కారును వందకు తేవడానికి కావలసిన శక్తి 621 కిలోజౌళ్లు. దాన్ని 4.5 సెకన్లతో భాగిస్తే సగటున 188 హార్స్‌పవర్ మాత్రమే పని చేసినట్టు తేలుతుంది. బాక్స్‌స్టర్‌కు అదే లెక్క 161 హార్స్‌పవర్. అంటే రెండు కార్లూ తమ పూర్తి బలంలో 55 శాతానికి అటూ ఇటూ మాత్రమే వేగంగా మార్చుకోగలిగాయి. మిగిలినది మొదటి సెకనున్నరలో టైర్లు జారకుండా కంప్యూటరు ఇంజన్‌ను పట్టి ఉంచడంలో, గేర్లలో, ఇరుసుల్లో, గాలిని తోయడంలో పోయింది.

మొదటి సెకనున్నరలో బాక్స్‌స్టర్‌కు పుట్టుకతో వచ్చిన మేలు ఒకటుంది. దాని ఇంజను సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది. బరువులో దాదాపు 55 శాతం నిలబడి ఉన్నప్పుడే వెనక చక్రాల మీద ఉంటుంది, కారు ముందుకు దూకే క్షణంలో బరువు ఇంకా వెనక్కి ఒరుగుతుంది. లాగేది వెనక చక్రాలే కాబట్టి ఆ బరువు వాటిని రోడ్డుకు అదిమి పెడుతుంది. జెడ్4లో ఆరు సిలిండర్ల ఇంజను ముందు ఉంటుంది. దాన్ని వీలైనంత వెనక్కి జరిపి బరువును ముందూ వెనకా సగం సగం పంచారు. అది మలుపుల్లో తూకం కోసం మంచిదే గానీ, బయలుదేరేటప్పుడు 500 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) మోయడానికి వెనక టైర్ల మీద తక్కువ బరువు ఉంటుంది. అందుకే దానికి వెనక 275 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లూ, ఎలక్ట్రానిక్ లాకు ఉన్న డిఫరెన్షియలూ (రెండు వెనక చక్రాలకు బలం పంచే పరికరం) ఇచ్చారు. బాక్స్‌స్టర్ 265 మిల్లీమీటర్ల టైర్లతో సరిపెట్టుకుంటుంది.

ఇరుంగట్టుకోట్టైలో నేను చూసినది చెబితే ఇది కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పొద్దున ఏడు గంటలకు, ట్రాక్ ఇంకా చల్లగా ఉన్నప్పుడు, ఎడమ కాలితో బ్రేకు గట్టిగా నొక్కి కుడి కాలితో యాక్సిలరేటర్ నేలకు తొక్కి, రేజు (ఇంజన్ తిరిగే వేగం) నిలబడ్డాక బ్రేకు వదిలాను. జెడ్4 వెనక భాగం ఒక్క క్షణం కుడికి బెత్తెడు జరిగి సర్దుకుంది. మీటరులో ట్రాక్షన్ దీపం (టైరు జారుతోందని చెప్పేది) రెండో గేరు పడేదాకా మినుకుమంటూనే ఉంది. తర్వాత బాక్స్‌స్టర్‌లో అదే పని చేసినప్పుడు వెనక భాగం కిందికి కుంగి, జరగకుండా నేరుగా దూకింది; దీపం ఒకసారి మెరిసి ఆరిపోయింది. శబ్దం విషయానికి వస్తే, చెవి వెనకే మోగే ఆ నాలుగు సిలిండర్ల గరగర నాకు నచ్చలేదు. జెడ్4 ఆరు సిలిండర్ల సవ్వడి ముందు అది సంగీతం కాదు. కానీ మీరు అడిగింది వేగం గురించి.

వేగంలో ఉన్న కారు ఇంకా వేగం అందుకోవడం వేరే కథ. టైరు పట్టు అప్పటికి సమస్య కాదు, కాబట్టి ఇంజన్ స్వభావం బయటపడుతుంది. టార్క్‌ను ఆర్‌పీఎంతో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 7,024తో భాగిస్తే ఆ రేజు దగ్గర హార్స్‌పవర్ ఎంతో తెలుస్తుంది. జెడ్4కు 500 న్యూటన్ మీటర్లు 1,600 నుంచి 4,500 ఆర్‌పీఎం వరకు నిలకడగా ఉంటాయి. బాక్స్‌స్టర్‌కు 380 న్యూటన్ మీటర్లు 1,950 నుంచి 4,500 వరకు ఉంటాయి. 2,000 ఆర్‌పీఎం దగ్గర జెడ్4 142 హార్స్‌పవర్, బాక్స్‌స్టర్ 108 ఇస్తాయి. 4,500 దగ్గర 320, 243. ఆ తర్వాత జెడ్4 5,000 నుంచి 6,500 దాకా 340 దగ్గర బల్లపరుపుగా సాగుతుంది, బాక్స్‌స్టర్ మాత్రం ఎక్కుతూ ఎక్కుతూ 6,500 దగ్గర గానీ తన 300 అందుకోదు. డ్రైవరుతో కలిపిన బరువుతో వీటిని భాగిస్తే టన్నుకు 2,000 దగ్గర 88, 75. 4,500 దగ్గర 199, 169. 6,500 దగ్గర 211, 208. అంటే రేజు పైన ఉన్నంతసేపు ఈ రెండూ కవలలు. రేజు కిందికి దిగిన కొద్దీ జెడ్4 దూరమవుతూ పోతుంది.

ఇక్కడ టెస్ట్ బెడ్ మనిషిగా ఒక మాట చేర్చకుండా ఉండలేను. కంపెనీ కాగితం మీద కనబడే టార్క్ గీత ఇంజన్‌ను ఒకే రేజు దగ్గర నిలిపి, టర్బో పూర్తిగా తిరిగాక కొలిచినది. రోడ్డు మీద మీరు తొక్కిన క్షణానికి టర్బో ఇంకా నిద్ర మత్తులోనే ఉంటుంది. జెడ్4 ఇంజను 2,998 సీసీ కాబట్టి టర్బో మేలుకునే లోపు కూడా ఆ పెద్ద కడుపే కారును లాగుతుంది. ఆరు సిలిండర్ల పొగను మూడు, మూడుగా విడగొట్టి టర్బోకు పంపే ఏర్పాటు దాన్ని త్వరగా లేపుతుంది. బాక్స్‌స్టర్ 1,988 సీసీ. మామూలు మోడ్‌లో, ఆరో గేరులో, 1,700 ఆర్‌పీఎం దగ్గర దాన్ని తొక్కితే ఒక దీర్ఘమైన క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత అంతా ఒకేసారి జరుగుతుంది. పోర్షే వారికి ఇది తెలుసు. స్పోర్ట్ క్రోనో ఉన్న బండిలో స్టీరింగ్ మీద మోడ్ మార్చే చిన్న చక్రం ఉంటుంది, దాని నడుమ ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే 20 సెకన్ల పాటు గేరు కిందికి దిగి, ఇంజనూ గేర్‌బాక్సూ పూర్తి సన్నద్ధంగా ఉంటాయి. లారీని దాటడానికి రెండు క్షణాల ముందు ఆ బటన్ నొక్కే అలవాటు చేసుకున్న డ్రైవరుకు జెడ్4తో ఉన్న తేడా చాలావరకు పోతుంది. అలవాటు లేని డ్రైవరుకు పోదు. స్పోర్ట్ క్రోనో లేని బండికి ఆ బటనూ ఉండదు, సున్నా నుంచి వంద కూడా 4.9 సెకన్లే, చూసిన బండిలో ఆ ప్యాకేజీ నిజంగా ఉందో లేదో డ్యాష్‌బోర్డు పైన గడియారం చూసి మాత్రమే నమ్మకండి, బటన్ నొక్కి చూడండి.

మీ దారిలో ఉన్న గువ్వలచెరువు ఘాట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రాయచోటి వైపు నుంచి వచ్చి, గువ్వలచెరువులో పాలకోవా పొట్లం కట్టించుకుని, కడప వైపు కనుమ దిగేటప్పుడు పని బ్రేకులది. తిరుగు ప్రయాణంలో ఎక్కేటప్పుడు పని ఇంజన్‌ది. మలుపులో లోడు లారీ వెనక ముప్పైకి పడిపోయి, మలుపు దాటాక రోడ్డు తెరుచుకున్న చోట మళ్లీ వేగం అందుకోవాలి. ఘాట్‌లో దాటేయమని నేను చెప్పడం లేదు, లారీ తనంతట పక్కకు ఇచ్చిన చోట సంగతి చెబుతున్నాను. స్టీరింగ్ ఇంకా కొంచెం తిరిగి ఉన్నప్పుడే జెడ్4ను గట్టిగా తొక్కితే టార్క్ ఒక్కసారిగా వచ్చి వెనక టైర్లు సడలుతాయి, కంప్యూటరు బలాన్ని కోసేస్తుంది. మీరు కాలు సున్నితంగా దించడం నేర్చుకోవాలి. బాక్స్‌స్టర్‌లో అదే మలుపు నుంచి అర క్షణం ముందే పూర్తిగా తొక్కవచ్చు. ట్రాక్ మీద మలుపు మలుపుకూ ఆ అర క్షణం కూడుకుంటూ పోయే తీరు చూశాకే, కాగితం మీద వెనకబడ్డ కారు ల్యాప్‌లో ఎలా ముందుకొస్తుందో నాకు అర్థమైంది. దిగేటప్పుడు కూడా అంతే. వంద నుంచి ఆగిన ప్రతిసారీ జెడ్4 బ్రేకులు 621 కిలోజౌళ్ల వేడి మింగాలి, బాక్స్‌స్టర్ బ్రేకులు 556 మింగితే చాలు. ఒక్కసారికి ఇది లెక్కలోది కాదు, ఇరవై సార్లకు పెడల్ మెత్తబడటంలో తెలుస్తుంది.

ఎండ సంగతి చెప్పకపోతే మన ప్రాంతానికి సంబంధించిన జవాబు కాదు. కంపెనీల అంకెలు చల్లటి యూరప్ వాతావరణంలో పుట్టినవి. అనంతపురం సముద్ర మట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర ఇక్కడి గాలి సాంద్రత, సముద్ర తీరంలో 15 డిగ్రీల గాలితో పోలిస్తే 12 శాతం తక్కువ. టర్బో లేని ఇంజను ఇంచుమించు అంత బలమూ పోగొట్టుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో 28 డిగ్రీల చల్లటి పొద్దున కూడా గాలి 14 శాతం పలచన; అక్కడ బండి బాగా లాగుతోందని మనకు అనిపించడానికి కారణం గాలి చిక్కదనం కాదు, ఇంజన్ వేడెక్కకపోవడం. మీ రెండు కార్లకూ టర్బో ఉంది కాబట్టి పలచటి గాలిని మరికాస్త గట్టిగా నొక్కి లోటు పూడ్చుకుంటాయి. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి రెండింటిలోనూ నీటితో పనిచేసే ఇంటర్‌కూలరే ఉంది. మొదటి పరుగులో ఆ నీరు చల్లగా ఉంటుంది. రెండు మూడు పరుగులు వెంటవెంటనే తీస్తే నీరే వేడెక్కి, ఇంజన్ కొట్టుకోకుండా కంప్యూటరు స్పార్కును వెనక్కి జరిపి, టర్బో ఒత్తిడి తగ్గించి, బలం కోసేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి వరసగా మూడు పరుగులు తీసి, మూడోది మెల్లగా ఉందని ఇంజన్‌ను అనుమానించిన వారిని నేను చూశాను. ఆ బండికి ఏ జబ్బూ లేదు, పావుగంట నీడలో నిలిపితే సరిపోయేది.

వందకు పైన పోలిక మన రోడ్డు మీద చేయవలసినది కాదు. నాలుగు లేన్ల రహదారిలో కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి వందే, ఎక్స్‌ప్రెస్‌వేలలో 120. జెడ్4ను 250 దగ్గర కంప్యూటరు ఆపేస్తుంది, బాక్స్‌స్టర్ 275 దాకా పోతుంది, అదీ ఆరో గేరులో. ఏడోది మైలేజీ కోసం పెట్టినది. మైళ్ల కొద్దీ మేకల మందలూ, అడ్డంగా వచ్చే ట్రాక్టర్లూ ఉన్న చోట ఈ అంకెలకు అర్థం లేదు కాబట్టి వాటి మీద ఇంకేమీ రాయను.

మీ తీరు చూస్తే, నెలకు రెండుసార్లు, ఇద్దరు మనుషులు, ఎక్కువ భాగం డి మోడ్‌లో వదిలేసి మాట్లాడుకుంటూ నడిపే ప్రయాణం మీది. దానికి నేను జెడ్4 ఎం40ఐ అంటాను. రేజు గురించి ఆలోచించకుండా దొరికే బలం, ఇద్దరి బరువుతో కూడా చెక్కుచెదరని పికప్ దానివి. డిక్కీ 281 లీటర్లు ఒకే చోట ఉంటుంది, బాక్స్‌స్టర్‌లో ఇంచుమించు అంతే స్థలాన్ని ముందు 150, వెనక 125గా విడదీసి ఇచ్చారు. నేను నా కోసం కొంటే మాత్రం బాక్స్‌స్టర్ కొంటాను, ఎందుకంటే నేను ఆదివారం తెల్లవారుజామున కదిరి వైపు ఒక్కడినే పోయే మనిషిని. రెండు కార్ల గుడ్డ టాపూ 50 కిలోమీటర్ల వేగం వరకు నడుస్తుండగానే తెరుచుకుంటుంది, పోర్షేకు 9 సెకన్లు, బీఎండబ్ల్యూకు 10. మన దగ్గర టాపు తీసి తిరగగలిగేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే కనుక ఆ ఒక్క సెకను గురించి మీరు బెంగపడనవసరం లేదు.

రెండింటినీ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, పొద్దున ఎనిమిది లోపు నడిపి చూడండి. సున్నా నుంచి వంద కొట్టవద్దు. అమ్మే వారి బండికి అది మంచిది కాదు, మీకు తెలిసేదీ ఏమీ ఉండదు. మామూలు మోడ్‌లో, ఖాళీ రోడ్డు మీద యాభైలో నిలకడగా పోతూ ఒక్కసారి పూర్తిగా తొక్కి, తొంభైకి వచ్చే వరకు మనసులో లెక్క పెట్టుకోండి. తర్వాత మీ ఇంటావిడను పక్కన కూర్చోబెట్టుకుని అదే పని మళ్లీ చేయండి. ఇవన్నీ చేసే ముందే, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, వెనక టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. వారాంతాల్లో మాత్రమే బయటికి తీసే ఇలాంటి కార్లకు గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. గోరుతో నొక్కితే దిగదు. అలాంటి టైర్లున్న బండిలో తొక్కగానే దీపం మినుకుమంటే, అది ఏ కంపెనీ తప్పూ కాదు. కొత్త టైర్ల ధర బేరంలో తగ్గించుకుని, అవి వేయించి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక ఆ యాభై, తొంభై పరీక్షను ఇంకోసారి చేసి ఏం తేలిందో రాయండి.